కిలిమంజారో: ఏడు రోజుల మచామే దారి, ఒక గైడ్ సంస్థ సేవలు

టాంజానియాలోని కిలిమంజారో కొండపై అత్యంత ఎత్తైన 5,895 మీటర్ల ఉహురు శిఖరానికి మోషీ పట్టణపు సంస్థ ఒకదాని ద్వారా మచామే దారిలో వెళ్లివచ్చాను. తాళ్లూ మంచుగొడ్డళ్లూ అక్కరలేని కొండే అయినా, పలచని గాలి ఎవరినీ ఉపేక్షించదు కనుక, ఆరు రోజుల ప్యాకేజీ చౌకగా వచ్చినా ఏడు రోజులదే ఎంచుకోవడం మేలు.

గైడ్ల పనితనం నిజంగా మెచ్చుకోదగినది. మూడవ రోజు సుమారు 4,600 మీటర్ల ఎత్తున ఉన్న లావా టవర్ దాకా ఎక్కించి, శరీరం ఆ ఎత్తుకు అలవాటుపడేలా రాత్రికి 3,900 మీటర్ల బరాంకో శిబిరానికి దించారు. రోజూ సాయంత్రం వేలికి ఆక్సీమీటర్ తగిలించి, అంకెలను చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవారు. నేను అడుగు వేగం పెంచినప్పుడల్లా ముందున్న గైడ్ వెనుదిరగకుండానే "పోలే పోలే" అనేవాడు; స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని అర్థం.

లోపం అద్దె సామగ్రిలో ఉంది. బరాఫు శిబిరంలో, అర్ధరాత్రి శిఖరానికి బయలుదేరవలసిన వేళకు ముందు, నా స్లీపింగ్ బ్యాగు జిప్పు సగంలో ఇరుక్కుపోగా వంటమనిషి కొవ్వొత్తి మైనం రుద్ది సరిచేశాడు. టిప్పుల సంగతి ముందే రాతపూర్వకంగా చెప్పకపోవడం మరో లోపం. ఒక్కో కూలీ మోయవలసిన బరువు 20 కిలోలు దాటకుండా గేటు వద్ద తూకం వేసేటప్పుడు మాత్రం సంస్థవారు ఏ దాపరికమూ చూపలేదు. పప్పన్నం, ఆవకాయ లేని వారం (ఒక చిన్న సీసా తీసుకెళ్లండి) కొంచెం కష్టమే కానీ, దోసకాయ సూప్ మాత్రం మళ్లీ మళ్లీ అడిగి తాగాను.