మేడ మీద బోన్సాయ్‌కి ఏ మట్టి? నర్సరీ సంచి, అకడామా, ఇటుక ముక్కలు

హైదరాబాద్ నర్సరీల్లో ‘బోన్సాయ్ మిక్స్’ అని అమ్మే సంచి విప్పితే మామూలుగా కనిపించేవి ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు. కొన్నిట్లో గుప్పెడు పర్లైట్ (తెల్లటి, తేలికైన గుళికలు) కూడా ఉంటుంది. గులాబీకీ మందారానికీ ఇది మంచి మట్టే. రెండంగుళాల లోతున్న బోన్సాయ్ ట్రేలో మాత్రం ఉన్నదున్నట్టు పోయొద్దు.

ఎందుకు వద్దో గిన్నెలు తోమే స్పాంజితో తెలుసుకోవచ్చు. దాన్ని నీళ్లలో ముంచి, అరచేతి మీద పడుకోబెట్టండి. కారాల్సినంత కారి ఆగిపోతుంది. ఇప్పుడు నిలువుగా పట్టుకోండి, మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, మారింది ఎత్తు ఒక్కటే. ఏ మట్టిలోనైనా అడుగున కొంత మందం నీళ్లు దిగకుండా నిలిచిపోతాయి. ఆ మందం రేణువుల సైజును బట్టి ఉంటుంది గానీ కుండీ లోతును బట్టి కాదు. అడుగు లోతు కుండీలో పైభాగాన వేర్లకు గాలి దొరుకుతుంది. ట్రేలో దాదాపు మట్టంతా ఆ తడి పొరే. జులై, ఆగస్టుల్లో వారం పాటు ముసురు పట్టిందంటే వేర్లకు ఊపిరాడదు, మట్టి మురుగు వాసన కొడుతుంది. అడుగున గులకరాళ్లు పరిచినా లాభం లేదు. ఆ తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, అంతే.

ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. ఏప్రిల్, మే ఎండలకు ఈ మట్టి కుదించుకుపోయి ట్రే అంచు నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి. అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారాయి కాబట్టి తడిసిందనుకుంటాం, లోపలి గడ్డ మాత్రం పొడిగానే ఉంటుంది. అలాంటప్పుడు ట్రేని టబ్బు నీళ్లలో పావుగంట నానబెట్టాలి.

ఇక అకడామా. జపాన్‌లో అగ్నిపర్వత బూడిదతో ఏర్పడిన ఎర్రటి బంకమన్ను గుళికలివి. నీళ్లు పట్టి ఉంచుతాయి, ఎరువును పట్టి ఉంచుతాయి, గుళికల మధ్య గాలీ ఆడుతుంది. సన్న వేర్లు దట్టంగా రావడానికి ఇంతకు మించినది దొరకడం కష్టం. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి, చలి దేశాల్లోలా మంచుకు పగిలి బురదయ్యే బెడదా లేదు. అయినా జువ్వి, చింత, కాగితపు పూల చెట్లకు దిగుమతి మట్టి కొనడం అనవసరం. జూనిపర్ లాంటి సున్నితమైన చెట్టుంటే దానికి వాడండి.

ఈ ఊరి చెట్లకు మా ఓటు ఇటుక ముక్కలకే. ఇటుకను ఎంచుకోవడంలోనే పనంతా ఉంది. బూడిద రంగు ఫ్లైయాష్ ఇటుక వద్దు. సున్నమో సిమెంటో అంటిన పాత ఇటుకా వద్దు, మట్టిలో క్షారం పెరుగుతుంది. మట్టితో చేసి కాల్చిన ఎర్ర ఇటుకలు రెండు తీసుకుని ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. ఒక ముక్కను రాత్రంతా నానబెట్టి పొద్దున వేళ్లతో నలపండి. బురదగా వస్తే సరిగా కాలలేదన్నమాట. నల్లగా గాజులా మెరిసే ముక్క అతిగా కాలింది, నీళ్లు పీల్చదు. గోనెసంచిలో వేసి, తడిపి, మాస్కు పెట్టుకుని సుత్తితో కొట్టండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. 6 మి.మీ. జల్లెడలోంచి దిగి 2 మి.మీ. జల్లెడ మీద నిలిచినవే పనికొస్తాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఈ కడగడం మానేస్తే పొడంతా అడుగుకు దిగి రంధ్రాలు మూసుకుపోతాయి. రోబో సాండ్ (రాళ్లను పిండి చేసిన ఇసుక) కలిపినా అంతే, అందులో పొడి పాలు ఎక్కువ.

12 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 2 లోతు ఉన్న ట్రేకి సుమారు మూడు లీటర్ల మిశ్రమం పడుతుంది: లీటరున్నర ఇటుక ముక్కలు, లీటరు ప్యూమిస్ (చిల్లులతో తేలికగా ఉండే అగ్నిపర్వత రాయి), అర లీటరు జల్లించిన వర్మీకంపోస్టు. అడీనియంకైతే కంపోస్టు సగం చాలు. ప్యూమిస్ బదులు పర్లైట్ వేస్తే జోరు వానకు పైకి తేలి కొట్టుకుపోతుంది.

దీనితో వచ్చే చిక్కులు రెండు. ఒకటి నీళ్లు: మేలో రోజూ రెండు పూటలా పోయాల్సిందే. పండక్కి మూడు రోజులు ఊరెళ్లేవాళ్లు ట్రేని షేడ్‌నెట్ కింద, తడి ఇసుక పరిచిన పళ్లెంలో పెట్టి, నీళ్లు పోసే మనిషిని కూడా చూసుకోవాలి. రెండోది తిండి: ఇటుకలో పోషకాలుండవు, వేసినవీ నిలవవు. చిగుర్లు వేసే కాలంలో వారానికోసారి లీటరు నీళ్లకు గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) ఇవ్వాలి. బోరు నీళ్లు పోసేచోట కొత్త ఆకు పసుపై ఈనెలు పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. దుకాణాల్లో అమ్మే ఇనుము మందుల్లో ఈడీటీఏ రకం క్షారపు నీళ్లలో సరిగా పనిచేయదు, ఈడీడీహెచ్ఏ రకం అడిగి తీసుకోండి.

కుండీ మార్చేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, నర్సరీ నుంచి వచ్చిన ఎర్రమట్టి గడ్డను అలాగే ఉంచి చుట్టూ ఇటుక ముక్కలు పోయడం. నీళ్లు ముక్కల్లోంచే దారి చూసుకుంటాయి. మేలో ఆ గడ్డ తడవదు, వానల్లో ఆరదు. మొదటిసారి సగం మట్టి వెదురు పుల్లతో విడదీసి తీసేయండి, మిగతా సగం మళ్లీ మార్చేటప్పుడు. ఒకేసారి వేర్లన్నీ కడిగేస్తే పెద్ద చెట్టు తట్టుకోకపోవచ్చు. చెట్టును తీగతో ట్రేకి కట్టి, పుల్లతో గుచ్చుతూ ముక్కల్ని వేర్ల మధ్యకు దింపి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి.

మరి నర్సరీ సంచి దండగా? కాదు. మాను లావెక్కడానికి లోతైన కుండీలో పెంచుతున్న చెట్టుకు అది చవకైన, మంచి మట్టి. రెండు వానాకాలాలయ్యేసరికి కుళ్లి గట్టిపడుతుంది కాబట్టి అప్పుడు మార్చాలి. సంచిలో తెల్లటి వేరుపురుగులు కనిపిస్తే, అందులో మాగని పశువుల ఎరువు కలిసి ఉండొచ్చు. ఆ సంచి తిరిగి ఇచ్చేయండి.