మోంటాల్చీనో: కొండ మీది కోట, పీపాల్లోని వైన్

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి దక్షిణాన, సుమారు 560 మీటర్ల ఎత్తున మోంటాల్చీనో పట్టణం ఉంది. ఇక్కడ తయారయ్యే బ్రునెల్లో అనే ఎర్ర వైన్ ఖ్యాతి విని వచ్చే యాత్రికులు చాలామంది రెండు గ్లాసులు రుచి చూసి, ఒక సీసా కొనుక్కుని, మధ్యాహ్నానికే తిరుగుముఖం పడతారు. ఆ తొందర ఈ ఊరికి తగదు. ఒక రాత్రైనా ఇక్కడ బస చేయాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా కోటకు వెళ్లాలి. 1361లో సియెనా పాలనలో కట్టిన ఈ అయిదు మూలల కోట గోడలపైకి ఎక్కితే, చుట్టూ లోయలు, ద్రాక్ష తోటలు, ఆలివ్ తోపులు ఎంతో దూరం కనిపిస్తాయి. 1555లో సియెనా శత్రువులకు లొంగిపోయినప్పుడు, లొంగడానికి ఇష్టపడని పౌరులు ఇక్కడికి తరలివచ్చి, 1559 వరకు తమ గణతంత్రాన్ని నిలుపుకున్నారు. వారు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఆ గోడల మీద నిలబడితే ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది.

ఇక వైన్ సంగతి. బ్రునెల్లోను సాంజొవేసే అనే ఒకే రకం ద్రాక్షతో చేయాలి. కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో, ఆపై కొన్ని నెలలు సీసాలో ఉంచి, కోత జరిగిన తరువాత అయిదో ఏడాది జనవరి ఒకటిన గానీ అమ్మకానికి పెట్టరాదు. బ్రునెల్లోలోనే రిసెర్వా అనే ప్రత్యేక రకానికి మరో ఏడాది ఆగాలి. మనిషి ఎత్తును మించిన పాత ఓక్ పీపాల వరుసల మధ్య నడుస్తూ ఈ నియమాలను వింటే, సీసా ధర అంత ఎక్కువ ఎందుకో అర్థమవుతుంది. అదే ద్రాక్షతో చేసి త్వరగా విడుదల చేసే రోస్సోను ముందు రుచి చూసి, తరువాత బ్రునెల్లో తీసుకుంటే, ఏళ్ల నిల్వ వల్ల వగరు మెత్తబడి రుచికి లోతు వచ్చిన తీరు స్పష్టంగా తెలుస్తుంది. నేను వెళ్లిన ఒక చోట గుంపుగా నిలబెట్టి, ఏ తోటదో, ఏ సంవత్సరానిదో చెప్పకుండా హడావిడిగా పోశారు. అంత డబ్బు తీసుకుని అలా చేయడం అన్యాయం. చిన్న కుటుంబ తోటల్లో ముందుగా సమయం అడిగి వెళ్తే ఆదరణ చాలా మెరుగ్గా ఉంటుంది.

పట్టణంలో రైల్వే స్టేషను లేదు. సియెనా నుంచి బస్సులో రావచ్చు. తోటలు మాత్రం ఊరికి దూరంగా విసిరేసినట్లుంటాయి కనుక, వైన్ ముట్టని వ్యక్తి చేతిలో కారు ఉండటం మేలు. కారుంటే దక్షిణాన ఆలివ్ చెట్ల నడుమ ఉన్న సాంత్ అంతీమో మఠాన్ని వదలకండి: పన్నెండో శతాబ్దపు ఆ రాతి ఆలయాన్ని ఉదయం పూట, ఎండ లోపలికి వచ్చే వేళకు చూడటం మంచిది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోత పనుల వల్ల తోటల యజమానులకు తీరిక తక్కువ. వారితో నింపాదిగా మాట్లాడాలనుకునేవారు వసంతకాలంలో వెళ్లాలి.