భారతదేశం నుంచి అమెరికాకు దత్తత: కొన్నేళ్లు గడిచాక మా సమీక్ష

మేము అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగు దంపతులం. ఒడిశాలోని ఒక దత్తత సంస్థలో పెరుగుతున్న నాలుగేళ్ల పాపను, 2017 నాటి దత్తత నిబంధనలు అమలులో ఉన్న రోజుల్లో తెచ్చుకున్నాం. ఇప్పుడు తను మిడిల్ స్కూలులో చదువుతోంది. దత్తత గురించి కనిపించే అనుభవాలు ఎక్కువగా పిల్లలు ఇంటికి చేరిన కొత్తలో రాసినవే కాబట్టి, వాటిలో నిరీక్షణ, ఖర్చు, సంతోషం తప్ప మరో విషయం పెద్దగా ఉండదు. ఆ ప్రక్రియలో ఏది తర్వాత అక్కరకు వచ్చింది, ఏది లేక మా అమ్మాయి ఇబ్బంది పడింది అన్నది ఇన్నేళ్ల తర్వాతే మాకు స్పష్టమైంది.

దేశాల మధ్య జరిగే దత్తతలలో పిల్లల రక్షణ కోసం కుదిరిన హేగ్ దత్తత ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. అమెరికాలో అది 2008 నుంచి అమలవుతోంది. అందువల్ల ఈ దారిలో ప్రతి మలుపులోనూ రెండు ప్రభుత్వాల అనుమతీ కావాలి. ఇక్కడ సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి మన కుటుంబంపై తయారుచేసే హోమ్ స్టడీ నివేదిక, కనీసం 10 గంటల శిక్షణ, వేలిముద్రలు, దత్తతకు మనం తగినవారమని అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఐ-800ఏ ఆమోదం పూర్తయ్యాక మన ఫైలు కారాకు, అంటే ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థకు, గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారా వెళుతుంది. పాప వివరాలు వచ్చి, మేము అంగీకరించిన తర్వాత ఆ పాప కోసం అమెరికా ప్రభుత్వానికి పెట్టే ఐ-800 దరఖాస్తు, అమెరికా రాయబార కార్యాలయం లేఖ, కారా నిరభ్యంతర పత్రం, కోర్టు ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా వరుసగా నడిచాయి. ఒక సంగతి ముందే తెలుసుకోవడం మంచిది: భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులను కారా దేశంలోని దంపతులతో సమానంగా చూస్తుంది, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్న మా వంటివారు ఆ తర్వాతి వరుసలో ఉంటారు; కానీ భార్యాభర్తలలో ఒకరైనా అమెరికా పౌరులు కాకపోతే ఐ-800 దారి తెరుచుకోదు.

ఆలస్యం గురించి మాకు ఉన్న ఫిర్యాదు చిన్నదే. ఆమోదాలకు, వైద్య పత్రాలకు గడువులుంటాయి. ఐ-800ఏ ఆమోదం 15 నెలలకు తీరిపోతుంది కనుక ఎదురుచూపుల మధ్యలో కొన్నింటిని మళ్లీ చేయించవలసి వచ్చింది. రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పిన కోర్టు ఉత్తర్వు అంతకంటే చాలా ఆలస్యమైంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు వచ్చింది. అయితే శిశువును ముందుగా స్వదేశంలోని దంపతులకు చూపించడం, అనాథాశ్రమంతో మనం నేరుగా మాట్లాడుకోవడాన్ని నిషేధించడం మాత్రం ఉండి తీరవలసిన నియమాలు. 1999లోనూ 2001లోనూ మన తెలుగు నేల మీదే, లంబాడా తండాల పేద తల్లుల నుంచి దళారులు పసికందులను కొని దత్తత సంస్థలకు చేర్చిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఆ కథనాలు చదివినవారెవరూ త్వరగా పని కావాలని తొందరపడలేరు.

మమ్మల్ని నిజంగా కలచివేసిన నియమం వేరే. అప్పటి నిబంధనల ప్రకారం ఒకేసారి ఇద్దరు పిల్లల వివరాలు పంపేవారు. 96 గంటలలోగా ఒకరిని ఎంచుకోవాలి, రెండో బిడ్డ వివరాలు వాటంతటవే వెనక్కి వెళ్లిపోతాయి. ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడవలసిన అవసరం ఏ తల్లిదండ్రులకూ కలగకూడదు. ఆ పని ప్రభుత్వమే చేసి, ఒక్క బిడ్డను సూచించడమే న్యాయమని మా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత అంగీకారం తెలపడానికి ఉండే 30 రోజులు ఎంతో విలువైనవి. మేము వైద్య పరీక్షల నివేదికను ఇక్కడి పిల్లల ఆసుపత్రిలో, దత్తత పిల్లలను ప్రత్యేకంగా చూసే డాక్టరుకు చూపించాం. ఎత్తు, బరువు, రక్త పరీక్షలు వివరంగా ఉన్నాయి గానీ వినికిడి గురించి ‘సాధారణం’ అన్న ఒక్క మాటే ఉంది. బడిలో చేరిన తర్వాత చేసిన పరీక్షలో పాపకు ఎడమ చెవి సరిగా వినిపించడం లేదని తేలింది. అప్పటిదాకా పిలిస్తే పలకకపోవడాన్ని భాష రాకపోవడం వల్లనేమో అని అందరూ అనుకున్నారు. నివేదికలో పరీక్ష పేరు, చేసిన తేదీ లేని చోటల్లా ఏజెన్సీ ద్వారా రాతపూర్వకంగా ప్రశ్న పంపి, జవాబు తెప్పించుకోవాలి.

బిడ్డను అప్పగించిన తీరూ మెరుగుపడాలి. ఒడియా మాత్రమే తెలిసిన పిల్లకు ఎక్కడికి వెళుతోందో, ఎందుకు వెళుతోందో తన భాషలో చెప్పినవారు లేరు. ఇంటికి వచ్చిన మొదటి నెలల్లో, చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ల చెప్పులతో సహా గుమ్మం దగ్గరున్న చెప్పులన్నీ సైజుల వారీగా వరుస పేర్చి, మేము చూసి సరేననేదాకా పక్కనే నిలబడేది. బుద్ధిమంతురాలని వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. అది ఆశ్రమంలోని క్రమశిక్షణ, అందులో భయం కూడా ఉందని గ్రహించడానికి మాకు ఇక్కడి శిక్షణే తోడ్పడింది. హోమ్ స్టడీలో మా బాల్యం గురించి, మా పెద్దలు మమ్మల్ని దండించిన తీరు గురించి అడిగిన ప్రశ్నల ప్రయోజనం ఆ రోజుల్లోనే అర్థమైంది.

ఈ మొత్తం ప్రక్రియలో మా అమ్మాయికి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినది ఆమె ఫైలు. దొరికిన పిల్లలను దత్తతకు అర్హులుగా బాలల సంక్షేమ కమిటీ ప్రకటించే ముందు, కన్నవారి కోసం పత్రికలో ప్రకటన వేయిస్తారు. ఆ ఒడియా పత్రిక ముక్క నకలు మాకు ఇచ్చిన కాగితాలలో ఉంది: తపాలా బిళ్లంత ఫొటో, గళ్ల గౌను, కింద ఊరి పేరు. తొమ్మిదేళ్లు వచ్చాక మా అమ్మాయి మొదటిసారి అడిగిన ప్రశ్న, ‘నా కోసం ఎవరైనా వెతికారా?’ అని. కనీసం ఆమె తరఫున వెతికారు అన్న జవాబుకు మా చేతిలో ఆ కాగితం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాల సమాచారం కోరుతూ సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కు నిబంధనల్లో ఉంది. ఆ రోజు ఆమెకు కావలసినవి ఇవే కాబట్టి కమిటీ ఉత్తర్వు, పత్రికా ప్రకటన, శిశు అధ్యయన నివేదికల నకళ్లు అన్నీ చేతికి వచ్చేదాకా విమానం ఎక్కవద్దని అడిగినవారందరికీ చెబుతాం.

పౌరసత్వం విషయంలో సాఫీగా జరిగింది. దత్తత స్వదేశంలోనే పూర్తయిన పిల్లలకు ఇచ్చే ఐహెచ్-3 వీసాతో అడుగుపెట్టినవారికి 2000 నాటి చట్టం ప్రకారం పౌరసత్వం తనంతట తానే వస్తుంది, ధ్రువపత్రం తపాలాలో చేరుతుంది.

ఇంటికి చేరాక రెండేళ్ల పాటు, మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి చొప్పున కారాకు నివేదికలు వెళ్లాలి. దీన్ని తనిఖీగా భావించేవారు ఉన్నారు గానీ మాకు అది ఆసరా. లోపమల్లా రెండేళ్లకే ఆగిపోవడం. పాప మనసులో అసలు ప్రశ్నలు మొదలైంది ఆ తర్వాతే, బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నప్పుడు. అప్పటికి అడిగే సంస్థ లేదు, దత్తత పిల్లల విషయాలు తెలిసిన కౌన్సెలర్‌ను మేమే వెతుక్కుని, మా ఖర్చుతోనే చూపించుకుంటున్నాం. దరఖాస్తు చేయబోయేవారు ఏజెన్సీ రుసుము, భారత్‌లో కట్టవలసిన 5,000 డాలర్లు, ప్రయాణాలతో పాటు ఈ ఖర్చును కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.