గంజాయి దొరికితే రెండో అవకాశం: ఎన్‌బీఏలోనా, ఫిబాలోనా?

పరీక్ష: అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2020లోనే గంజాయికి యాదృచ్ఛిక పరీక్షలు ఆపింది; ఆటగాళ్ల సంఘంతో 2023 ఒప్పందంతో గంజాయిని నిషిద్ధ జాబితా నుంచే తీసేసింది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా పాటించే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నియమాల్లో మాత్రం పోటీ సమయంలో ఇంకా నిషిద్ధమే. మూత్రంలో గంజాయి ఆనవాళ్ల హద్దు మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు.

శిక్ష: పాత ఎన్‌బీఏలో మొదటిసారి చికిత్స, రెండోసారి 25,000 డాలర్ల జరిమానా, మూడోసారి 5 మ్యాచ్‌ల నిషేధం, ఆపై ప్రతిసారీ అంతకుముందు కంటే మరో 5 ఎక్కువ. మొదటిసారికే ఆట ఆగకపోవడం దానిలోని మంచి. వాడాలో, పోటీకి బయట ఆటతో సంబంధం లేకుండా వాడానని ఆటగాడే నిరూపించుకుంటే 3 నెలల నిషేధం, చికిత్స పూర్తిచేస్తే 1 నెల. నిరూపించుకోలేకపోతే నిషేధం ఏళ్లకు పోవచ్చు.

ముప్పు: గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ ఒంట్లోని కొవ్వులో నిలుస్తుంది. రోజూ తాగేవాళ్ల మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది. వారం ముందు మానేస్తే చాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

ఎవరికి ఏది: ఎన్‌బీఏకే పరిమితమైతే పరీక్ష భయం లేదు, వ్యసనమని తేలితే మాత్రం క్లబ్బు చికిత్సకు పంపగలదు. దేశం తరఫున కూడా ఆడేవాళ్లు వాడా లెక్కనే పాటించాలి. మన ఆటగాళ్లకు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) నియమాలూ అవే. పైగా ఇక్కడ గంజాయి వాడితే 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద కేసు కూడా పడొచ్చు.