నాన్న కిరాణా కొట్టుకి ఐదేళ్లుగా నేను కొనిచ్చినవి: ఏవి పనికొచ్చాయి, ఏవి అటకెక్కాయి

దసరాకి కొట్లో పూజ చేసేటప్పుడు నాన్న దేనికి పసుపు, కుంకుమ పెడతాడో ఈమధ్య జాగ్రత్తగా గమనిస్తున్నాను. కాటాకి పెడతాడు, గల్లాపెట్టెకి పెడతాడు, బెల్లం కొట్టే సుత్తికి కూడా పెడతాడు. 2020లో నేను పదిహేను వేలు పోసి కొనిచ్చిన ట్యాబ్‌కి మాత్రం ఇంతవరకు ఒక్క బొట్టు పడలేదు.

మాది తెనాలి దగ్గర చిన్న కొట్టు. నాన్న, ఒక కుర్రాడు, సాయంత్రాలు అమ్మ. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండక్కి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక వస్తువు పట్టుకెళ్తుంటాను. మీ ఇంట్లోనూ కొట్టు నడిపేవాళ్లుంటే నా డబ్బులు ఎక్కడ తగలబడ్డాయో తెలుసుకుంటే మీవి మిగలొచ్చు.

ముందు కాటా సంగతి. 2021 సంక్రాంతికి ఆన్‌లైన్‌లో ఒక డిజిటల్ కాటా తెప్పించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ధర వెయ్యి లోపే. నాన్న దాన్ని తిరగేసి అడుగున చూసి, "ముద్ర ఏదిరా?" అన్నాడు. వ్యాపారానికి వాడకూడదని డబ్బా మీదే రాసుంది, నేనే చదవలేదు. అమ్మకానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్లతో 12 నెలలకోసారి ముద్ర వేయించాలి. పాత త్రాసుకి, రాళ్లకి అయితే 24 నెలలు. ముద్ర లేని కాటాతో తూస్తే కేసు కొట్టు మీదే పడుతుంది. నేను తెచ్చిన ఆ కాటా ఇప్పుడు అమ్మ వంటింట్లో జంతికల పిండి తూస్తోంది.

తర్వాత నాన్నని వెంటబెట్టుకుని లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్లాను. 30 కిలోల కాటా, 5 గ్రాముల తేడా వరకు చూపిస్తుంది, కొనేవాళ్ల వైపు కూడా అంకెలు కనిపిస్తాయి. ఏడు వేల చిల్లర అయింది. ఇన్నేళ్లలో లోపలి బ్యాటరీ ఒక్కసారి మార్చాం, అంతే. కొనేవాళ్ల వైపు అంకెలు కనబడటం ఎంత మేలు చేసిందో నేను ఊహించలేదు. "ఇంకొంచెం వెయ్యి" అనే బేరం సగం తగ్గింది. ఒక్క విషయం డీలరు చెబితేగానీ తెలియలేదు. ఇలాంటి కాటా మీద కనీసం 100 గ్రాములు అని రాసి ఉంటుంది, అంతకంటే తక్కువ దాని మీద తూయకూడదు. పది రూపాయల లవంగాలకి, యాలకులకి ముద్ర వేసిన చిన్న కాటా వేరే ఉండాలి.

బిల్లు ప్రింటర్ కథ ఇంకా పెద్దది. అరచేతిలో పట్టేంత బ్లూటూత్ థర్మల్ ప్రింటర్, 58 మిల్లీమీటర్ల కాగితం. ఇంకు అక్కర్లేదు, రిబ్బన్ అక్కర్లేదు, వేడికే అక్షరం పడుతుంది. మొదటిరోజు కందిపప్పు అని తెలుగులో కొడితే బిల్లు మీద వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. చవక ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు. అక్షరాల్ని బొమ్మగా మార్చి పంపే యాప్ దొరికాక తెలుగు వచ్చింది గానీ, బిల్లు కాస్త నిదానంగా బయటికొస్తుంది. సాయంత్రం ఆరింటికి కొట్టు ముందు పదిమంది నిలబడి ఉంటే ఆ నిదానం నాన్నకి అరికాలి మంట. అందుకని చిన్న బేరాలకి చీటీ మీద పెన్నుతోనే లెక్క. హోటల్ వాళ్లు, హాస్టల్ వాళ్లు నెల సరుకు తీసుకున్నప్పుడే ప్రింటర్ బయటికొస్తుంది. వాళ్లకి అచ్చు బిల్లు కావాలి.

ఇది కొనేవాళ్లకి రెండు మాటలు. ఒకటి, చిన్న ప్రింటర్లో పెద్ద రోలు పట్టదు, లావు చూసుకుని కొనండి. రెండోది, థర్మల్ బిల్లు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. నాన్న ఒకసారి దేవుడి పటం దగ్గర, దీపం పక్కన పెట్టిన బిల్లు మొత్తం నల్లగా మాడినట్టు అయింది. హోల్‌సేల్ వాళ్లిచ్చే కొనుగోలు బిల్లులు కూడా ఈమధ్య ఇలాంటివే వస్తున్నాయి. జీఎస్టీ లెక్కల కాగితాలు 72 నెలలు దాచాలి కాబట్టి, వచ్చిన రోజే ఫోటో తీసి పెట్టడం అమ్మ పని అయింది. మాది జీఎస్టీలో కాంపొజిషన్ పద్ధతి, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టుకునేది. అందులో ఉన్నవాళ్లు బిల్లు మీద పన్ను వేరే చూపించి వసూలు చేయకూడదు. యాప్ మాత్రం దానంతటదే పన్ను గడి వేసేసింది. సెట్టింగ్స్‌లో అది తీసేసి, మేం కాంపొజిషన్ వాళ్లమని పైన రాయించడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

ట్యాబ్ ఎందుకు మూలపడిందో ఇప్పుడు చెప్పుకోవాలి. అందులో అప్పుల లెక్కకి ఒక యాప్ వేశాను. బాకీ ఉన్నవాళ్లకి దానంతటదే మెసేజ్ వెళ్తుందంటే నేను మురిసిపోయాను. రెండో వారం ఎదురింటి పెద్దాయన కొట్టు ముందుకొచ్చి, "ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే తీసుకుంటున్నా, మూడొందల నలభైకి నాకు నోటీసు పంపుతావా?" అని నిలదీశాడు. ఆయన ఫోన్ చూసేది వాళ్ల కోడలు. పరువు పోయిందని ఆయన బాధ. నాన్న మారుమాట్లాడలేదు, ఆ రాత్రే ట్యాబ్ కవర్లో చుట్టి అలమరాలో పెట్టాడు. ఎవరిని ఎప్పుడు అడగాలో, ఎవరిని పంట చేతికొచ్చేదాకా అడగకూడదో ఆయనకి ఎర్ర అట్ట పుస్తకం చూడకుండానే తెలుసు. ఆ లెక్క ఏ యాప్‌లో ఎక్కించాలో నాకు తోచలేదు.

బార్‌కోడ్ స్కానర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సబ్బులకి, బిస్కెట్లకి 890తో మొదలయ్యే అంకెలున్న గీతలుంటాయి, వాటిని చదువుతుంది. మా అమ్మకాల్లో ఎక్కువ భాగం లూజు సరుకు. మినప్పప్పుకి గీత ఎక్కడుంటుంది? ఫ్యాన్సీ స్టోర్, స్టేషనరీ షాపు వాళ్లకైతే బంగారం లాంటి వస్తువు. మా చిన్నాన్న కొడుక్కిచ్చేశాను, వాడు రోజూ వాడుతున్నాడు.

డబ్బు పడగానే తెలుగులో చెప్పే యూపీఐ స్పీకర్ మాత్రం నేను కొనిచ్చింది కాదు. అది కొట్టు ఖాతాకి ముడిపడి ఉంటుంది, మనం పెట్టెలో పెట్టి బహుమతిగా ఇవ్వలేం. నాన్న పేరున దరఖాస్తు పెట్టించి, నెల అద్దె నేను కడుతున్నానంతే. పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్ల బెడద దాంతో పోయింది. చేతులు పిండిలో ఉన్నా వినబడితే చాలు.

ఇన్నిట్లో నాకు బాగా గిట్టుబాటైంది రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్. వెయ్యిన్నర లోపు. కొట్టు లోపలికి ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, కొనేవాళ్లు వైఫై పట్టుకుని డబ్బు పంపుతారు. కరెంటు పోతే అదీ ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూడండి. మాది 12. 9 వోల్టులవీ ఉంటాయి, తప్పుగా కలిపితే రౌటర్ పోతుంది. మొదట్లో మూడు గంటలు లాగేది, మూడేళ్లకి గంటకి దిగింది. ఈ పండక్కి కొత్తది తేవాలి.

ఈసారి అది కాక ఇంకేం కావాలని ముందే ఫోన్ చేసి అడిగాను. నాన్న కాసేపు ఆలోచించాడు.

"ఏం వద్దుగానీ, కౌంటర్ కింద ప్లగ్గులు సరిపోవట్లేదురా. నువ్వు తెచ్చినవన్నీ ఒక్క డబ్బాకే వేలాడుతున్నాయి. ఎలక్ట్రీషియన్ని పిలిచి బోర్డు పెట్టించు."