ఆరేడేళ్లు తోలిన ట్రాక్టర్ ట్రాలీ: నా ఓటు గొలుసుకే

ట్రాలీ కొన్న కొత్తలో ఎవరడిగినా డబ్బాను ఎత్తే జాకీ గురించే చెప్పేవాణ్ణి. లీవర్ లాగితే చాలు, మట్టయినా పెంటయినా నిమిషంలో దిగిపోతుందని. ఇప్పుడు అడిగితే ముందు చెప్పేది గొలుసు గురించి. ట్రాలీ మూతి దగ్గర, ట్రాక్టర్ హుక్కుకు పిన్నుతో తగిలించే రింగుకు రెండు పక్కలా వెల్డింగ్ చేసిన రెండు గొలుసులు, వీటి రెండో కొసలు ట్రాక్టర్‌కు తగిలిస్తాం. మా వైపు తిరిగే చాలా ట్రాలీలకు ఇవి ఉండవు. మాకు ట్రాలీ కట్టిన షెడ్డు మేస్త్రి మేం అడగకుండానే వేసిచ్చాడు. సైజు, టైర్లు, రేకు మందం అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా.

ఒకసారి యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యాక మిర్యాలగూడ మిల్లుకు తోలుతున్నాం. నలభై కిలోల బస్తాలు వందకు పైగా ఉన్నాయి, అంటే నాలుగు టన్నులు దాటిన బరువు. తమ్ముడు ట్రాక్టర్ మీద, నేను వెనక బైకు మీద. దారిలో ఒక ఊరి సెంటర్‌లో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ట్రాలీ చక్రాలు దాన్ని ఎక్కి దిగాయో లేదో, ఠంగుమని చప్పుడు. హుక్కు పిన్ను రోడ్డు మీద దొర్లుకుంటూ పోవడం కళ్లారా చూశాను. ట్రాలీ ముందుభాగం కుంగింది. అక్కడే చాయ్ హోటల్ ముందు పది మంది నిలబడి ఉన్నారు. నా గుండె ఆగినంత పనైంది.

అయినా మూతి రోడ్డుకు తగల్లేదు. గొలుసులు రెండూ ఇంటూ మార్కులా, ఎడమది కుడికి, కుడిది ఎడమకు దాటించి తగిలించడం మేస్త్రి నేర్పిన పద్ధతి. ఆ దాటిన చోటే ఊడిన రింగు వచ్చి కూర్చుంది. రోడ్డుకు జానెడు ఎత్తున వేలాడుతూనే ట్రాక్టర్ వెంట వచ్చింది. నేరుగా కట్టి ఉంటే మూతి కింద పడి రోడ్డులోకి దిగబడేది, నాలుగు టన్నులు దాని మీదుగా లేచేవి. జాకీ హోస్ పైపు మాత్రం ఊడి ఆయిలంతా కారిపోయింది. తమ్ముడు బ్రేకు గట్టిగా తొక్కలేదు. తొక్కి ఉంటే వెనక బరువంతా వచ్చి ట్రాక్టర్‌ను గుద్దేది, మా ట్రాలీకి బ్రేకులు లేవు కదా. యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ ముట్టకుండా, గేరు మీదే నెమ్మదించి పక్కకు ఆపాడు. వాడి నిబ్బరానికి, మేస్త్రి ముందుచూపుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

విప్పి చూస్తే రింగు బొక్క అరిగి కోలగా అయింది. పిన్ను అందులో ఎగిరెగిరి పడుతూ కింద ఉండే క్లిప్పును తెంపేసింది. పైన గ్రీజూ మట్టీ కమ్మి ఉంటాయి కాబట్టి కంటికి ఆనదు, తుడిచి వేలితో తడిమితేనే తెలుస్తుంది. ఇప్పుడు రింగులో కొత్త బుష్ వేయించాం. పిన్నుకు గట్టి క్లిప్పు పెట్టాం.

అయితే గొలుసు ఉందని నిశ్చింతగా ఉండడానికీ లేదు. బిగుతుగా కడితే మలుపులో లాగేస్తుంది. వదులుగా ఉంటే రోడ్డుకు రాసుకుని కింది లింకులు పలచబడతాయి. మావి అలా అరిగితే ఒకసారి మార్పించాం. వెల్డింగ్ దగ్గర తుప్పు పడుతుందేమో కూడా చూసుకోవాలి.

జాకీ విషయానికొస్తే, సీలు పోయి బరువు మీద మెల్లగా కిందికి దిగుతోంది. అందుకే డబ్బా ఎత్తి కిందికి దూరే పని ఉంటే మొద్దు అడ్డం పెట్టకుండా ఎవరినీ వెళ్లనివ్వను. చక్రాల బేరింగుల సంగతి మాత్రం తేలికే. మిల్లు దగ్గర ఆగగానే హబ్బు దగ్గరికి చెయ్యి పోనిస్తాను, ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా అనిపిస్తే గ్రీజు అయిపోయినట్టో, నట్టు మరీ బిగిసినట్టో. రోడ్డెక్కే ముందు ట్రాక్టర్ బ్రేకు పెడళ్లు రెండూ కలిపి గొళ్లెం వేయడం అస్సలు మరవద్దు. దమ్ములో విడదీసిన పెడళ్లతోనే లోడు లాగుతూ ఒక్కదాన్ని తొక్కితే బండి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. వెనక రేడియం స్టిక్కర్లు దుమ్ము పడితే వెలగవు, గుడ్డతో తుడవాలి.

కూలీలను మాత్రం ఎక్కించుకోం. 2018లో వలిగొండ మండలంలో కూలీలున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడిన సంగతి మా జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. కాలువ గట్ల మీద రోజూ తిరిగేవాళ్లం, అది మాకింకా దగ్గరగా తగిలింది.

ట్రాలీ కొనాలా అంటే, మాలాగా సొంత పొలం, దగ్గరి మిల్లు, ఇరవై కిలోమీటర్ల వేగం దాటని తోలకం అయితే ఒక ఇరుసుది చాలు, గొలుసులు మాత్రం అడిగి వేయించుకోండి. హైవే మీద ఇటుకలో ఇసుకో దూరం తోలేవాళ్లకు ఇదే సరిపోతుందని నేననలేను. బ్రేకులున్న రెండు ఇరుసుల ట్రాలీ తోలేవాళ్లను అడిగి చూడండి.