లిబ్రే ఆఫీస్: మూడు నెలల వాడకం తర్వాత

గవర్నర్‌పేటలో ఒక షాపులో మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కి విండోస్ వేయిస్తే, అడక్కుండానే క్రాక్ చేసిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా ఎక్కించేశారు, దానికోసం యాంటీవైరస్ ఆపేశారని ఇంటికొచ్చాకే తెలిసింది. "ఫ్రీయే కదా సార్" అన్నారు. అది ఫ్రీ కాదండీ, దొంగ కాపీ. "లైసెన్స్ ఉందా" అని అక్కడే అడగాల్సింది, మీరైనా మొహమాటపడకుండా అడగండి.

అది తీసేసి, అదే పనులు చేసే లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. 2010లో ఓపెన్ ఆఫీస్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, పైసా కట్టక్కర్లేదు, పది మందికి కాపీ చేసిచ్చినా లైసెన్సే ఒప్పుకుంటుంది. యూనికోడ్ తెలుగు బాగా పడుతోంది, "స్త్రీ" అని కొట్టి చూశాను, ఒత్తులు చెదరలేదు. డాక్ఎక్స్ (మైక్రోసాఫ్ట్ వర్డ్) ఫైళ్లలో టేబుళ్లు మాత్రం అక్కడక్కడా పక్కకి జరిగిపోతున్నాయి, అందుకే కాలేజీకి పంపేవన్నీ పీడీఎఫ్ చేసి పంపుతున్నాం.